ఐదో వరస

బోర్డు మీద నాలుగు వరసలున్నాయి. ఆమె మూడుసార్లు లెక్కపెట్టింది. నాలుగు వరసలు లెక్కపెట్టడానికి మూడుసార్లు అక్కర్లేదని ఆమెకీ తెలుసు.

పసుప్పచ్చ రేకు మీద నల్లటి అక్షరాలు. పైన పెద్దగా ‘నత్రజని’ అని ఉంది. దాని కింద ఒక్కో వరసలో ఒక్కో సంగతి. రంగు లేదు. వాసన లేదు. మండదు. విషం కాదు. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. నాలుగేళ్ళ ఎండకీ వానకీ పసుపు రంగు కాస్త వెలిసింది గానీ నలుపు చెక్కు చెదరలేదు.

అది నూనె కర్మాగారం. గాలి తగిలితే నూనె పాడవుతుందని ట్యాంకుల్లో నూనె పైనున్న ఖాళీని నత్రజనితో నింపి ఉంచుతారు. నూనె తోడేశాక అడుగున మడ్డి మిగులుతుంది. దాన్ని గోకి పైకి పంపడానికి మనిషి దిగాలి. దిగేముందు మూత తీసి, ఒక పూర్తి రోజు ఫ్యానుతో బయటిగాలి కొట్టాలి. శనివారం నాడు ఏడో నంబరు ట్యాంకు మూత తీశారు, గాలి మాత్రం కొట్టలేదు. ఫ్యాను బాగుకి వెళ్ళింది. పదకొండు గంటలకి అందులోకి దిగిన మనిషిని పన్నెండున్నరకి పైకి తీశారు. అప్పటికే అంతా అయిపోయింది.

ఇవాళ సోమవారం. ట్యాంకు చుట్టూ తాడు కట్టారు. ఆ తాడు కట్టింది కూడా, శనివారం పైన నిలబడి బకెట్టు తాడు పట్టుకున్న మనిషే. చొక్కా భుజం దగ్గర చిరిగి ఉంది. మార్చుకోవాలన్న ధ్యాస లేనట్టుంది.

“చదివే దిగాడు పదాలమ్మా,” అన్నాడతను, బోర్డుకేసి చూడకుండా.

కర్మాగారంలో అందరూ ఆమెని పదాలమ్మ అంటారు. రికార్డు గదిలో కూర్చుని, యంత్రాలతో పాటు పరాయి భాషల్లో వచ్చే పుస్తకాల్నీ కాగితాల్నీ మన భాషలోకి మార్చడం ఆమె పని. ఎవరే మాటన్నా “అది ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసా?” అని పట్టుకుంటుంది. అందుకని మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆమె పక్క కుర్చీ ఎప్పుడూ ఖాళీయే.

“చదివాడా? ఎప్పుడు?”

“దిగేముందు. నాకు చదువు రాదు కదమ్మా. ‘ఏం రాశారన్నా ఇక్కడ’ అంటే గడగడా చదివి వినిపించాడు. రంగు లేదు, వాసన లేదు, మండదు, విషం కాదు. ‘ఇంకేముందిరా, ఉత్తగాలి! మా బావమరిదిలాగ. ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే’ అన్నాడు. నవ్వుకుంటూ దిగాడు.”

చనిపోయిన మనిషిని ‘పేపరు’ అనేవారు. దొరికిన కాగితమల్లా చదువుతాడని ఆ పేరు. తాడు మనిషికి అతను పేపరన్న.

“తర్వాత?”

“బకెట్టు వదిలాను. కాసేపాగి లాగితే ఖాళీగా వచ్చింది. ‘ఏంటన్నా, ఆటలా?’ అన్నాను. మళ్ళీ వదిలాను. మళ్ళీ ఖాళీయే. తొంగి చూస్తే బోర్లా పడున్నాడు. నేనూ దిగబోయాను. వాచ్‌మన్ వెనకనుంచి పట్టి ఈడ్చేశాడు.” చిరిగిన భుజాన్ని అరచేత్తో కప్పుకున్నాడు. “అరిచుంటే తెలిసేదమ్మా. కనీసం దగ్గినా తెలిసేది. చడీ చప్పుడూ లేదు.”

ఆమె మళ్ళీ బోర్డు వైపు తిరిగింది.

“ఐదో వరస ఏదీ?” అంది.

తాడు మనిషికి ఆమె ఏమడుగుతోందో అర్థం కాలేదు. చదవడం వచ్చినవాళ్ళకి తోచే అనుమానాలు తనకెందుకన్నట్టు తాడు ముడి ఇంకోసారి బిగించాడు.

మేనేజరు చెడ్డవాడేం కాదు. చెడ్డవాడైతే ఆమెకి కొంత సుళువుగా ఉండేది. ఆమెని తన గదికి పిలిపించి కుర్చీ జరిపి కూర్చోమన్నాడు, మంచినీళ్ళు తెప్పించాడు, జేబురుమాలు తీసి నాలుగు మడతలు పెట్టి, మళ్ళీ విప్పి, మళ్ళీ పెట్టాడు.

“శుక్రవారం తనిఖీ అధికారి వస్తున్నాడు మేడం. మీరొక్క పేరా రాసివ్వాలి. బోర్డు మీదున్నది మూలానికి సరైన అనువాదం, ఏమీ తగ్గలేదు అని. అంతే.”

“తగ్గింది కదండీ. నత్రజని అమ్మే కంపెనీ పంపిన కాగితంలో ఐదు సంగతులున్నాయి. ఐదోదే అసలైనది. ఆ వాయువు చేరిన చోట మామూలు గాలి ఉండదు, మనిషికి ఊపిరందదు అని.”

“మరి మీరు రాయలేదా?”

“రాశాను! ఐదూ రాశాను. ఎవరు తీసేశారో మీ వాళ్ళనే అడగండి.”

“నేనొచ్చి రెండేళ్ళయింది. బోర్డేమో నాలుగేళ్ళది.” రుమాలు మళ్ళీ విప్పాడు. “చూడండి మేడం. అతను చదువొచ్చిన మనిషి. నత్రజని అన్న పేరు ఎదురుగా ఇంతేసి అక్షరాల్లో ఉంది. అయినా దిగాడు. దాన్ని నిర్లక్ష్యం అనక ఏమంటాం?”

“నిర్లక్ష్యమని రాస్తే అతని భార్యా తండ్రీ ఉంటున్న కంపెనీ గది?”

“పదిహేను రోజుల్లో ఖాళీ చెయ్యాలి. నిర్లక్ష్యం కాదు, ప్రమాదం అని తేలితే ఆవిడకి ప్యాకింగులో పనిస్తారు, గదీ వాళ్ళకే ఉంటుంది. నేను పెట్టిన రూలు కాదది.”

ఆమెకి ఒళ్ళు మండింది. గాలి కొట్టని ట్యాంకు, బాగుకెళ్ళిన ఫ్యాను, ఒక వరస తక్కువైన బోర్డు. ఇన్ని ఉండగా నిర్లక్ష్యం పోయి పోయి చచ్చినవాడి నెత్తిన కూర్చుంటోంది. పైగా దానికి తన సంతకం కావాలట.

“శుక్రవారం నేను కాగితం తెస్తాను,” అంది లేస్తూ. “మీరనుకునే కాగితం కాదు. ఐదు వరసలున్న కాగితం.”

మంగళవారం మధ్యాహ్నం చనిపోయినవాడి భార్య రికార్డు గదికి వచ్చింది. గుమ్మంలో చెప్పులు విడిచింది. ఆ గదిలో చెప్పులు విడవాల్సిన పనిలేదని చెబుదామనుకుని పదాలమ్మ ఊరుకుంది. చేతిలో ప్లాస్టిక్ సంచీ. అందులో కర్మాగారం వాళ్ళు తిరిగిచ్చిన చొక్కా, దువ్వెన, మడతలు పెట్టిన పేపరు ముక్కలు.

“అక్కా, నువ్వే కదూ మాటలకి అర్థాలు చెప్పేది?”

“కూర్చోమ్మా.”

కూర్చోలేదు. “వాళ్ళంతా ఆయనకి తెలిసే దిగాడంటున్నారు. పేరు చూస్తే తెలియదా అంటున్నారు. మా మామగారు రెండ్రోజుల్నించి ముద్ద ముట్టట్లేదు. ‘నా కొడుకు తాగి దిగాడంటున్నారే’ అని ఒకటే గోడకేసి చూస్తారు. మా ఆయన తాగడక్కా. టీ కూడా చక్కెర ఎక్కువైతే తాగడు. అసలా మాటకి అర్థం ఏంటి? చూడగానే తెలిసిపోయేదా అది?”

ఆమె బీరువాలోంచి చెప్పుల అట్టపెట్టె ఒకటి తీసింది. అలాంటివి పదకొండున్నాయి. పాత నూనె డబ్బాల అట్టలు చతురస్రాలుగా కత్తిరించి, అనువదించిన ప్రతి మాటకీ ఒక అట్ట రాసి పెట్టుకుంటుంది. మాట ఎక్కడ పుట్టింది, ఎక్కడికి వెళ్ళింది, ఎవరింట్లో ఏ పేరుతో తిరిగింది. ముప్ఫై ఏళ్ళుగా ఆ అట్టలే ఆమెకి సినిమాలూ షికార్లూ.

‘న’ దగ్గర వేలు ఆగింది.

“నత్రజని అంటే నత్రాన్ని పుట్టించేది అని,” చదవడం మొదలుపెట్టింది. “నత్రమంటే ఒక ఉప్పు. ఎండిపోయిన చెరువుల అంచున ఏరుకునేవారు. ఈజిప్టులో దాంతో బట్టలుతికేవారు, శవాలు కుళ్ళకుండా ఎండబెట్టేవారు. గ్రీకులు ఆ పేరే పట్టుకెళ్ళారు. తర్వాత్తర్వాత సురేకారానికి కూడా అదే పేరైంది. ఆ సురేకారంలో ఈ వాయువు ఉందని...”

“మరి మనిషి చచ్చిపోతాడని ఎక్కడుంది?”

“మన మాటలో లేదు.”

“ఇంకెవరి మాటలో ఉంది?”

ఆమె అట్ట తిప్పింది. వెనకవైపు చిన్న అక్షరాలు. రాసిన రోజున ఎంత సంబరపడిందో ఆ అక్షరాల గుండ్రంలోనే తెలుస్తోంది.

“ఫ్రెంచివాళ్ళు అజోత్ అంటారు. ప్రాణం లేనిది అని. ఎలకని అందులో పెడితే చచ్చిపోయిందట, అందుకని. రష్యాలోనూ అదే మాట. జర్మన్‌లో ష్టిక్‌ష్టోఫ్. ఊపిరి తీసే పదార్థం. జపాన్ వాళ్ళు చిస్సో అంటారు. అదీ అంతే, ఊపిరాడనివ్వనిది.”

చనిపోయినవాడి భార్య చాలాసేపు ఆ అట్టకేసి చూసింది. ఆవిడకి కూడబలుక్కుని చదవడం వచ్చు. “ఊ...పి...రి...” అని వేలు పెట్టి కదిపింది.

“అన్ని దేశాల వాళ్ళకీ తెలుసన్నమాట,” అంది చివరికి. “మా ఆయనకి తప్ప.”

“బోర్డు మీద ఐదో వరస ఉండాలమ్మా. నేను రాసిచ్చాను. ఎవరో తీసేశారు. నేను రాసిన కాగితం బోర్డు రాసినాయన దగ్గర ఉంటుంది. అది తెచ్చి శుక్రవారం అధికారికి చూపిస్తాను. మీ ఆయన తప్పేమీ లేదని తేలుస్తాను.”

“ఒట్టు?”

“ఒట్టు.”

అప్పుడు కూర్చుంది ఆవిడ. కూర్చున్నాక ఏడ్చింది. పదాలమ్మ పక్కన నిలబడి వీపు మీద చెయ్యి వేసింది. మాటల్లో పడి మనుషుల దగ్గరికి వెళ్ళడం మరిచిపోయిన చెయ్యి అది. ఎక్కడ వెయ్యాలో, ఎంతసేపు ఉంచాలో తెలియక అలాగే ఉండిపోయింది.

ఇంట్లో పదాలమ్మ భర్త గోడ గడియారం పొట్ట విప్పుకుని కూర్చున్నాడు. గడియారాల రిపేరు ఆయన వృత్తి. ఒక కంట్లో భూతద్దం పెట్టుకుని రెండో కంటితో పెళ్ళాన్ని చూడగలడు.

“ఏంటే, మొహం అలా ఉంది? ఏ మాటకైనా పుట్టిల్లు దొరకలేదా?”

ఆమె జరిగినదంతా చెప్పింది. ఆయన వేళాకోళం మానేసి, భూతద్దం తీసి బల్ల మీద పెట్టాడు.

“నువ్వు ఐదూ రాశావని గట్టిగా గుర్తుందా?”

“బావుంది! నేను రాసింది నాకు గుర్తుండదా? ఆ ఐదో వాక్యం కోసం రెండ్రోజులు జుట్టు పీక్కున్నాను. మూలంలో ఎంత గజిబిజిగా ఉందో, దాన్ని మన భాషలో ఎంత చక్కగా కుదిర్చానో. మీకు చదివి కూడా వినిపించాను.”

“వినిపించావు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. బావుందన్నాను.”

“అర్థం కాకుండానే బావుందన్నారా?”

“అర్థం కాలేదంటే అన్నం పెట్టవేమోనని,” అన్నాడాయన. ఇంకోరోజైతే ఆమె నవ్వేది. ఇవాళ వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆయన భూతద్దం మళ్ళీ కంటికి పెట్టుకున్నాడు గానీ చాలాసేపు ఏ మరనీ ముట్టుకోలేదు.

గురువారం సెలవు పెట్టి బోర్డులు రాసే ముసలాయన దుకాణానికి వెళ్ళింది. సందు చివర రేకుల కొట్టు. టర్పెంటైన్ వాసన గుమ్మం దాటి వీధిలోకి వచ్చేసింది. ముసలాయన నేలమీద పాలదుకాణం బోర్డు పరుచుకుని రాస్తున్నాడు. ఆయన చెయ్యి వణుకుతుంది. కుంచె రేకుకి తగిలే దాకా వణుకుతుంది. తగిలాక నిలిచిపోతుంది. ‘పా’కి దీర్ఘం తీసే దాకా ఆమె మాట్లాడకుండా నిలబడింది.

“నూనె ఫ్యాక్టరీ పదాలమ్మగారా!” కుంచె సీసాలో పెట్టాడు. “రండి రండి. విన్నానమ్మా సంగతి. పాపం, చిన్నవాడేనట కదా.”

“నాలుగేళ్ళ కిందట నేను మీకిచ్చిన కాగితం ఉందా?”

“ఎందుకుండదు? కాగితం లేకుండా నేను బ్రష్షు ముట్టుకోను. బోర్డు అయ్యాక ‘నేనిలా రాయమన్లేదు’ అని మీదికొస్తారు జనం. ఒకాయన సొంత కొడుకు పేరే తప్పు రాసిచ్చి నన్ను తిట్టాడు. అందుకే సంతకం పెట్టించుకుని దాచుకుంటాను.”

గోడకి నాలుగు ఇనపతీగలు వేలాడుతున్నాయి. ఒక్కో తీగకీ వందల కాగితాలు గుచ్చి ఉన్నాయి. ఆయన మూడో తీగని ఒళ్ళోకి తీసుకుని, ఉల్లిపొరల్లా ఒక్కొక్కటే వెనక్కి తోస్తూ వెతికాడు. సెలూను. టైలరు. అద్దెకి గదులు. కుక్కలున్నాయి జాగ్రత్త. మేనేజరు ముందు ఆ కాగితం ఎలా పరుస్తుందో ఆమె అప్పుడే ఊహించేసుకుంది కూడా.

“ఇదిగోనమ్మా.”

తన చేతిరాతే. ఐదు వరసలూ ఉన్నాయి. ఐదోది ఒక్క వరసలో పట్టక రెండో దానిలోకి పాకింది. ‘ప్రాణవాయు స్థానభ్రంశము వలన శ్వాసావరోధము సంభవించును.’ దాని మీద ఈ చివర నుంచి ఆ చివరకి ఎర్రసిరా గీత. గీత పక్కన ‘తొలగించడమైనది’ అని ఉంది. కింద సంతకం.

సంతకం ఆమెదే.

ఆమె కాగితాన్ని వెలుగు దగ్గరికి తీసుకెళ్ళింది. అక్కడ కూడా ఆమెదే.

“ఇది... నేనెప్పుడు...”

“మీకు గుర్తులేదా?” ముసలాయన మెల్లగా అన్నాడు. “మీరిక్కడే నిలబడ్డారు. రేకు చిన్నదమ్మా, నాలుగు వరసలే పడతాయి, మీ ఐదోది చూస్తే రైలుబండిలా ఉంది అన్నాను. అక్షరాలు చిన్నవి చేస్తే దూరానికి కనపడవు. పోనీ ‘ఊపిరాడదు’ అని రాసెయ్యనా, ఒక్క మాటే కదా, నాలుగో వరస పక్కనే పడుతుంది అన్నాను. మీరు నవ్వారు.”

“నవ్వానా?”

“ఎగతాళిగా కాదులెండి. ‘శాస్త్రాన్ని అలా వీధి మాటల్లో రాస్తారా?’ అన్నారు. ‘అసలు రాయకపోయినా ఫరవాలేదు గానీ నాసిరకంగా రాయకూడదు’ అన్నారు. ఎర్రపెన్ను తీసి మీరే గీత కొట్టారు.”

గుర్తుకొచ్చింది. అంతా ఒక్కసారే వచ్చింది. ఆ రోజు కట్టుకున్న చీర కూడా గుర్తుకొచ్చింది. స్థానభ్రంశము అన్న మాట దొరికినందుకు రెండ్రోజులు గాల్లో తేలింది. దాన్ని పీకేసి ఆ చోట ‘ఊపిరాడదు’ అని పెట్టడం, పట్టుబట్టకి గోనెముక్క అతుకేసినట్టు అనిపించింది. ఎలకల సంగతి తెలుసు. అజోత్ తెలుసు. ష్టిక్‌ష్టోఫ్ తెలుసు. ఆ అట్ట అప్పటికే రాసి పెట్టెలో పెట్టుకుంది. అన్నీ తెలిసి గీత కొట్టింది. కొట్టి, సాయంత్రానికల్లా మరిచిపోయింది.

ఆమె అక్కడున్న రంగు డబ్బా మీద కూలబడింది. అది తడిగా ఉందని ముసలాయన చెప్పబోయి మానేశాడు.

“అమ్మా,” అన్నాడు కాసేపటికి. “ఇన్ని కాగితాల్లో ఒక్కటి లేకపోతే ఎవరడుగుతారు? కొట్టులో ఎలకలున్నాయి. ఎవరైనా అడిగితే అదే చెప్తాను.”

ఆయన దయగానే అన్నాడు. అది వింటున్నంతసేపూ ఆమె మనసు ఆ ఎలకల వెంటే పరిగెత్తింది. కాగితం లేకపోతే ఐదో వరస ఎవరు తీసేశారో ఎవరికీ తెలియదు. తను రాశాననే అంటుంది, కంపెనీ తెలియదంటుంది. రిటైరవడానికి రెండేళ్ళుంది. చచ్చినవాడు మళ్ళీ రాడు. కానీ కాగితం లేకపోతే నిర్లక్ష్యం ఎక్కడికీ పోదు. ఉన్నచోటే, అతని పేరు పక్కనే ఉండిపోతుంది. గోడకేసి చూసే ముసలి తండ్రి ఇంకా గోడకేసే చూస్తాడు.

“తీగలోంచి తీసివ్వండి,” అంది. “చిరగకుండా.”

ఆయన తీసిచ్చాడు.

“నేనైనా రాసెయ్యాల్సిందమ్మా, మీకు చెప్పకుండా. చోటుంది. ‘విషం కాదు’ పక్కన జానెడు చోటుంది. మొన్నటినుంచి కళ్ళు మూస్తే ఆ చోటే కనపడుతోంది.”

శుక్రవారం వచ్చిన తనిఖీ అధికారికి జలుబు చేసింది. మెడ చుట్టూ తువ్వాలు చుట్టుకుని, మేనేజరు బల్ల దగ్గర కూర్చుని, ముక్కు చీదుకుంటూ కాగితాలు తిరగేస్తున్నాడు. గోడవారగా తాడు మనిషి నిలబడ్డాడు. చొక్కా భుజం మీద ఎవరో కుట్టారు, దారం రంగు కలవలేదు.

“మేడం అనువాదం గురించి రాసిచ్చేశారనుకుంటాను,” అన్నాడు మేనేజరు, ఆమెకేసి కాస్త ఆశగా చూస్తూ.

ఆమె కాగితం బల్ల మీద పెట్టింది. అధికారి కళ్ళజోడు సర్దుకుని చదివాడు. ఐదో వరస దగ్గర పెదాలు కదిలాయి, ఒకసారి తడబడి మళ్ళీ మొదటికొచ్చాయి.

“ఈ సంతకం ఎవరిది?”

“నాదే.”

“గీత?”

“అదీ నాదే.”

మేనేజరు రుమాలు మడతలు ఆగిపోయాయి.

“ఎందుకు కొట్టేశారు?”

చోటు చాలలేదని చెప్పడానికి ఆమె దారంతా మాటలు కూర్చుకుంది. రేకు కొలత కూడా రాసుకొచ్చింది. తీరా నోరు విప్పితే వేరే మాట వచ్చింది.

“బాగులేదని.”

“ఏది?”

“మాట. ‘ఊపిరాడదు’ అని రాస్తే సరిపోయేది. బోర్డు రాసే ఆయన అడిగాడు కూడా. ఆ మాట నాకు చవగ్గా అనిపించింది. నేను రాసింది బోర్డు మీద పట్టలేదు. రెండూ లేకుండా పోయాయి.” కాగితాన్ని అధికారి వైపు ఇంకాస్త జరిపింది. “పేరు చూసి తెలుసుకోవాల్సింది అంటున్నారట. ఆ పేరులో ఏమీ లేదండీ. ముప్ఫై ఏళ్ళుగా ఇదే పని చేస్తున్నాను, నేను చెప్తున్నాను. ఒక ఉప్పు పేరుంది అందులో, అంతే. అతను చదవగలిగినంతా చదివాడు. చదివి నమ్మాడు. నిర్లక్ష్యం అతనిది కాదు.”

అధికారి ముక్కు ఎగబీల్చాడు. ఆయన రాసుకున్నాడు. రాసింది చదివి వినిపించాడు. “మరణానికి కారణం, హెచ్చరిక బోర్డు అనువాదంలో సిబ్బంది ఒకరు చేసిన లోపం. మృతుని నిర్లక్ష్యం లేదు. సరేనా? సంతకం చెయ్యండి.”

మేనేజరు హాయిగా కుర్చీలో వెనక్కి వాలాడు. ఆ వాలడం ఆమె చూసింది.

పెన్ను పట్టుకుని ఆగింది. “ఫ్యాను సంగతి రాయలేదు.”

“ఏ ఫ్యాను?”

“గాలి కొట్టే ఫ్యాను. బాగుకి వెళ్ళింది. అది లేకుండానే దిగమన్నారు. నా తప్పు నాదే, ఎవరికీ ఇవ్వను. ఫ్యాను మాత్రం నాది కాదు.”

“మేడం,” అన్నాడు మేనేజరు, “మీకింకా రెండేళ్ళ సర్వీసుంది.”

అధికారి ఇద్దర్నీ చూశాడు. గోడవారనున్న మనిషి వైపు తిరిగి “ఫ్యాను లేదా ఆ రోజు?” అన్నాడు. “లేదండీ, బాగుకెళ్ళింది,” అన్నాడు తాడు మనిషి. అధికారి ముక్కు తుడుచుకుని ఇంకో వాక్యం కలిపాడు. ఆమె అది రెండుసార్లు చదివి సంతకం చేసింది. అనువాదకురాలిగా ఆ కర్మాగారంలో ఆమె పెట్టిన చివరి సంతకం అదే.

శనివారం పొద్దున్నే వాళ్ళ గదికి వెళ్ళింది. ఒకటే గది. మంచం మీద చనిపోయినవాడి ముసలి తండ్రి గోడవైపు తిరిగి పడుకున్నాడు. కిటికీలో పేపర్ల దొంతర ఉంది, దానిమీద కళ్ళజోడు.

“తేలిందమ్మా,” అంది ఆమె గుమ్మంలోనే. “ఆయన తప్పేమీ లేదని రాశారు. గది మీకే ఉంటుంది.”

“మావయ్యా, విన్నారా?” కోడలు మంచం దగ్గరికి పరిగెత్తింది. “ఆయన తప్పు లేదట. రాసేశారట.” ముసలాయన ఇటు తిరిగాడు. లేచి కూర్చోడానికి ఆయనకి చాలాసేపు పట్టింది. కూర్చుని, మంచినీళ్ళు అడిగాడు. కోడలు గ్లాసు అందించి, కళ్ళు తుడుచుకుంటూ వెనక్కి వచ్చింది.

“నీ రుణం ఎలా తీర్చుకుంటాను అక్కా. ఇంతకీ ఆ వరస తీసేసినవాళ్ళెవరో తెలిసిందా?”

చెప్పకుండా వెళ్ళిపోవచ్చు. నాలుగడుగులేస్తే వీధి. వచ్చే దారిలో కూడా ఆమె కాళ్ళు రెండుసార్లు వెనక్కి తిరిగాయి.

“నేనే.”

ఆవిడకి అర్థం కాలేదు. అర్థమయ్యే దాకా ఆమె చెప్పింది. కాగితం, ఎర్రగీత, బోర్డాయన అడిగిన మాట, తను నవ్విన నవ్వు, అన్నీ చెప్పింది. కోడలు కిటికీ దగ్గరికెళ్ళి పేపర్ల దొంతర మీది కళ్ళజోడు తీసి, పైటతో అద్దాలు తుడిచి, మళ్ళీ అక్కడే పెట్టింది.

“ఆయన ఏది దొరికితే అది చదివేవాడు,” అంది అటు తిరిగే. “బజ్జీలు తెస్తే ముందు పొట్లం కాగితం చదివేవాడు, బజ్జీలు చల్లారిపోయేవి. నేను తిట్టేదాన్ని. ఆ ఒక్క మాటా రాసుంటే అదీ చదివేవాడు.”

పదాలమ్మ గుమ్మంలోంచి ఒక అడుగు లోపలికి వేసింది.

“మీరు వెళ్ళండమ్మా,” అంది చనిపోయినవాడి భార్య.

అక్కా అనలేదు. ఆమె చెప్పులేసుకుని వచ్చేసింది.

సోమవారం రికార్డు గది తాళంచెవి ఇచ్చేయడానికి వెళ్ళింది. ఇక రానక్కర్లేదన్న ఉత్తరం శనివారం సాయంత్రమే ఇంటికొచ్చింది. భర్త దాన్ని రెండుసార్లు చదివి, “ఇందులో మాటలన్నీ నాకు అర్థమయ్యాయి” అన్నాడు. నవ్వించాలనే అన్నాడు. పదకొండు అట్టపెట్టెలూ మోసుకురావడానికి తనూ వస్తానన్నాడు. ఆమె వద్దంది. అవి అక్కడే వదిలేసింది.

తాళంచెవి వాచ్‌మన్‌కిచ్చి, గేటు వైపు వెళ్ళాల్సిన మనిషి ట్యాంకుల వైపు నడిచింది. ఏడో నంబరు దగ్గర నిచ్చెన వేసి ఉంది. నిచ్చెన మీద బోర్డాయన. కింద నిచ్చెన పట్టుకుని తాడు మనిషి. ట్యాంకు పక్కన కొత్త ఫ్యాను హోరుమంటూ తిరుగుతోంది.

‘విషం కాదు’ పక్కన జానెడు చోటులో ముసలాయన చివరి అక్షరం దిద్దుతున్నాడు. ఆమెని చూసి, “ఈసారి కాగితం అడగలేదమ్మా,” అన్నాడు పైనుంచి. “సంతకం కూడా అడగలేదు.”

ఆమె తలూపింది.

“ఏం రాశారమ్మా ఇప్పుడు?” తాడు మనిషి అడిగాడు. “చదవవా?”

ఆమె మొదటినుంచీ చదివింది. రంగు లేదు. వాసన లేదు. మండదు. విషం కాదు. అతను ప్రతిదానికీ బుర్ర ఊపాడు. పేపరన్న గడగడా చదివిన మాటలు అతనికి కంఠతా వచ్చేసినట్టున్నాయి. తర్వాత ఆమె ఆగింది. రంగు ఇంకా ఆరలేదు, ఎండకి మెరుస్తోంది.

“ఊపిరాడదు,” అని చదివింది.

తాడు మనిషి నిచ్చెన వదిలేశాడు. ముసలాయన పైన గబుక్కున రేకు అంచు పట్టుకున్నాడు.

“అంతేనా?” అన్నాడతను. “ఇంతకాలం రాయకుండా దాచింది ఈ మాటేనా? ఇది నాకు కూడా తెలుసు కదమ్మా.”